కొలను నిండుకుంది

మూలలంకలో పొద్దున్నే ఎవరికెవరు ఎదురుపడినా ముందు మీసం సంగతే అడుగుతారు.

"ఏరా, మీసం లేచిందా?"

"లేదెహె, నిన్నట్నించీ వాలిపోయే ఉంది."

కొత్తవాడు వింటే ఊళ్ళో మగాళ్ళకేదో రోగమొచ్చిందనుకుంటాడు. అక్కడ మీసమంటే రొయ్య మీసం. అదీ చేతికి దొరికేది కాదు, యంత్రాల్లో ఉండే టోకెను, కంటికి కనబడని నాణెం లాంటిది. దాని ధర పెరిగితే లేచిందంటారు, తగ్గితే వాలిందంటారు. ఉప్పుటేరు పొడవునా రొయ్యల చెరువులున్నవాళ్ళు ఒకప్పుడు సొసైటీ పెట్టుకుంటే అధ్యక్షుడికి రెండంతస్తుల మేడ లేచింది, సభ్యులకి రసీదు ముక్కలు మిగిలాయి. దాంతో ఈసారి అధ్యక్షుడే లేని సంఘం కట్టుకున్నారు. దీని లెక్క ఏ ఒక్కడి చేతిలోనూ ఉండదు. ఎక్కడెక్కడో ఉన్న వందల యంత్రాల్లో ఒకటే లెక్క అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఒకచోట చెరిపితే మిగతావి ఒప్పుకోవు. చెరువులో రొయ్యల పట్టుబడి అయినప్పుడల్లా ప్రతి రైతూ కొన్ని మీసాలు అందరి కొలనులో వేస్తాడు. కొలనంటే ఆ ఉమ్మడి నిల్వకి వాళ్ళు పెట్టుకున్న పేరు. ఎవడి చెరువుకైనా తెగులొస్తే, వాడు తూము మూసి ఉంచి, ఆ నీళ్ళలోనే మందు కలిపి రొయ్యని చంపెయ్యాలి. తూము దగ్గర కట్టిన పరికరం సాక్ష్యం చెబుతుంది. కొలను తనంతట తానే వాడికి మళ్ళీ రొయ్యపిల్లకీ మేతకీ సరిపడా ఇస్తుంది. సంతకం లేదు, సిఫార్సు లేదు, టీ ఖర్చులు లేవు.

నాగిడి గంగాచలం ఈ సంఘంలో ఆఖరున చేరిన మనిషి. ఏడో తరగతి మధ్యలో బడి వదిలేసి చెరువు గట్టు పట్టుకున్నవాడు. ఇప్పుడు యాభై దాటాడు. సొసైటీని నమ్మితే మునిగాడు. పిల్ల అమ్మే కంపెనీని నమ్మితే సంచిలో సగం చచ్చిందే వచ్చింది. నమ్మకమనే సరుకు అతని దగ్గర ఏనాడో నిండుకుంది. బామ్మర్ది జోగినాథం పోరు పడలేక చేరాడు గానీ, అధ్యక్షుడు లేని దొంగతనం ఎలా ఉంటుందో అదీ చూద్దామనే చేరాడు.

వచ్చిన చిక్కల్లా లెక్క తెలుసుకోవడం దగ్గర. మీసం ధర ఒకచోట ఉంటుంది. లోకంలో మొత్తం ఎన్ని మీసాలు తిరుగుతున్నాయో ఇంకోచోట. ఎవరి దగ్గర ఎన్నున్నాయో, కొలను లోతెంతో, పొద్దుట్నించీ ఎన్ని చేతులు మారాయో, ఒక్కొక్కటీ ఒక్కో మూల. ఫోను తెరిస్తే పాముపిల్లల్లా గీతలు. భీమవరంలో ఓ చిన్న ప్రయోగశాల నడిపే సౌదామిని దీనికో ఉపాయం కనిపెట్టింది. అరచేయంత పెట్టె. నోటితో అడిగితే చాలు, అది అన్ని మూలలకీ పోయి ఆరా తీసి, ఒక లెక్కతో ఇంకో లెక్క సరిచూసుకుని వచ్చి జవాబు చెబుతుంది. దానికి వాకబు అని పేరు పెట్టింది.

మొదటిసారి తెచ్చి గంగాచలం చెరువు షెడ్డులోనే పెట్టింది. కొలను ఎలా ఉందని అడిగింది.

"కొలనునందలి నిల్వలు స్వల్ప క్షీణతను నమోదు చేసియున్నవి" అంది పెట్టె.

గంగాచలం తలగుడ్డ విప్పి దులుపుకుని, "మేడంగారూ, ఇది లెక్క చెప్పిందాండీ, తద్దినం పెట్టిందాండీ?" అన్నాడు.

జోగినాథం విరగబడి నవ్వాడు. సౌదామినీ నవ్వింది. నవ్వాక ఆలోచనలో పడింది.

"మీ ఇంట్లో వంటగది ఎవరిది బాబాయ్‌గారూ?"

"మా ఆవిడదండి. నాదైతే ఎప్పుడో తగలబడిపోను."

"పిన్నిగారు బాగా మాట్లాడతారా?"

"మాట్లాడతారా అంటారేంటండీ! ఎప్పుడాపుతుందని అడగండి."

ఆ వానాకాలమంతా వాకబు గంగాచలం భార్య మాణిక్యం వంటింటి అలమరలో కాపరం చేసింది. డబ్బాల కింద పల్చటి తూకపు పలకలు, పైన చిన్న కన్ను, చిన్న చెవి. ఇంట్లో ఏ మాట అన్నారు, ఆ మాట వెనక ఏం జరిగింది, ఈ రెండూ ముడేసుకుని అది తెలుగు నేర్చుకోవాలి. పసిపిల్ల నేర్చుకునే పద్ధతి అదేగా అంది సౌదామిని. మాణిక్యానికి ఆ ముక్క నచ్చింది. పెట్టెకి రోజూ గుడ్డతో మొహం తుడిచేది.

మాణిక్యం మాటల్లో 'లేదు' అన్నది ఉండదు. తల్లి దగ్గర అబ్బిన అలవాటు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటుంది. దీపం ఆరితే కొండెక్కిందంటుంది. గాజు పగిలితే పెరిగిందంటుంది. గుమ్మం దాటేవాడు 'వెళ్తున్నా' అంటే కదలనివ్వదు. 'వస్తానని చెప్పి వెళ్ళండి' అంటుంది.

"ఏవండీ, పసుపు నిండుకుందండీ!"

"మొన్నేగదే తెచ్చాను?"

"మొన్న తెచ్చింది కందిపప్పు."

"ఆ పెట్టె ముందు నా పరువు తియ్యకే. అది భీమవరం దాకా మోస్తది."

"మొయ్యనియ్యండి. మొగుణ్ణి అరుగు మీంచి ఎలా లేపాలో వాళ్ళకీ తెలుస్తది."

గంగాచలం ఊళ్ళో కొట్లవాళ్ళనీ, వాననీ, పెళ్ళినీ, పసుపునీ కలిపి తిడుతూ, గొణుక్కుంటూ బండి తీసేవాడు.

వానలు వెళ్ళేసరికి వాకబుకి నోరు తిరిగింది. "మీసం కాస్త జారిందండీ. బెంగెట్టుకోకండి, పొద్దు తిరిగేసరికి లేస్తది" అనడం మొదలెట్టింది. సంఘంలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒక్కో షెడ్డుకీ ఒక్కో పెట్టె కట్టారు. ముసలాళ్ళు సైతం చుట్ట నోట్లో ఉంచుకునే, "ఎన్నిరా మీసాలు?" అని అడిగి, జవాబు విని తలాడించేవారు. గంగాచలం మాత్రం, "తీయగా మాట్లాడినోడెవడు మనల్ని ముంచలేదు గనక" అంటుండేవాడు.

మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం గంగాచలం చెరువు మీద కాకులు వాలాయి. కాకులు ఊరికే వాలవు. అతను గబగబా పోయి, రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రే పైకి లాగాడు. పొద్దున వేసిన మేత వేసినట్టే ఉంది. ట్రేలో రొయ్యలు మూడు, ఒళ్ళు తెలియనట్టు పక్కకి ఒరిగి ఉన్నాయి. ఒకదాని తల పెంకు గోటితో లేపి ఆకాశానికెత్తి చూశాడు. సున్నం చుక్కల్లాంటి తెల్లమచ్చలు.

గట్టు మీద అలాగే చతికిలబడ్డాడు. ఎగువ ఊళ్ళలో తెగులుందని పదిరోజులుగా వింటున్నదే. ఒక్కొక్కడూ తూము మూయడం, మందు కొట్టడం, కొలను దగ్గర తీసుకోవడం. ఇంతమందికి ఇచ్చుకుంటూ పోతే తన వంతుకి ఏం మిగులుతుంది? షెడ్డు దగ్గరికి పోయి వాసానికి వేలాడుతున్న పెట్టెని అడిగాడు.

"ఏమే, కొలను ఎలా ఉంది?"

"కొలను నిండుకుందండి. మీసం కొండెక్కిందండి."

పట్నపు మనిషి విని ఉంటే మిఠాయి పంచేవాడు. గంగాచలానిది మాణిక్యంతో ముప్పయ్యేళ్ళు కాపరం చేసిన చెవి. నిండుకుంది, కొండెక్కింది. అంటే డబ్బా అడుగు కనబడింది, దీపం ఆరింది. అందులోనూ అదే మెత్తదనం, అదే 'అండీ'. చావు కబురు ఇంత చల్లగా చెప్పడం ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడ నేర్చుకుంటుంది?

రెండో మాట అడగలేదు. ఎవర్నీ రెండోసారి అడగడం అతనికి అలవాటు లేదు. సొసైటీ రోజుల్లో మా వాటా ఏదని మళ్ళీ అడిగినందుకు, 'అంకెల సంగతి నీకెందుకురా, పోయి నీళ్ళు చూసుకో' అనిపించుకున్నాడు నలుగురిలో. అప్పట్నించీ ఒక్కసారే అడుగుతాడు, విన్నదాన్ని మింగుతాడు.

ఇక మిగిలింది ఒకటే దారి. మందు కొడితే రొయ్య మొత్తం చెరువులోనే చస్తుంది, కిలో కూడా చేతికి రాదు. అలా కాకుండా ఏటి నీళ్ళు వెనక్కి తీసే ఆటు వేళ తూము ఎత్తేస్తే నీళ్ళు బోదె కాలవలోకి దిగిపోతాయి, బతికున్న రొయ్యని వలేసి లాగి లారీకి ఎత్తొచ్చు. ఆ తెగులు నీళ్ళు బోదె వెంట పోయి, దిగువన అదే బోదెలోంచి నీళ్ళు తోడుకునే ప్రతి చెరువునీ కాటేస్తాయి. ముందు తగిలేది జోగినాథానికే. ఆ సంగతి గంగాచలానికి తెలియక కాదు. మూడేళ్ళ కిందట ఎగువ చెరువువాడెవడో ఇలాగే రహస్యంగా వదిలితే తన పంటంతా తుడిచిపెట్టుకుపోయింది. వాడెవడో ఇప్పటికీ తెలియదు. అప్పుడు నా మీదెవడు జాలిపడ్డాడు అనుకున్నాడు గంగాచలం. అనుకుని గునపం తీసుకుని తూము దగ్గరికి నడిచాడు.

తూముకి అడ్డంగా చెక్కలు ఒకదాని మీద ఒకటి దించి ఉంటాయి. అన్నిటికన్నా పై చెక్క నీటికి ఎగువన ఉంటుంది, తీసినా ఏం కాదు. రెండోది కదిలిస్తే నీళ్ళు కదులుతాయి. పై చెక్క పెకలించి గట్టున పారేశాడు.

"ఆగండి! వస్తున్నా, ఆగండి!"

మాణిక్యం గట్టు మీద పరుగులాంటి నడక నడుస్తోంది. మధ్యలో షెడ్డు వాసం నుంచి పెట్టెని కూడా పీక్కొచ్చినట్టుంది, కొంగులో ఉంది.

"నువ్వెందుకొచ్చావే?"

"ఊళ్ళో కాకులన్నీ మన చెరువు దారి పడితే తెలీదా ఏంటి? ఆ చెక్క ముట్టుకోకండి."

"ముట్టుకోక ఏం చెయ్యమంటావ్? కొలను నిండుకుంది. నీ పెంపుడు కూతురే చెప్పింది, అడుగు."

"నాకూ అదే చెప్పింది. నిండుకుంటే నిండుకుంది. మన చెరువు పోయిందని నా తమ్ముడి నోట్లో మట్టి కొడతారా?"

"నా నోట్లో కొట్టినోణ్ణి అప్పుడు అడిగావా?"

"అడగలేదు. శాపనార్థాలు పెట్టాను. వాడి చేతులు పడిపోవాలన్నాను, వాడి వంశం నీళ్ళలో కలవాలన్నాను. రేపు మా మరదలు అదే గట్టు మీద నిలబడి అవే మాటలంటది. ఎవరికి తగుల్తాయండీ అవి?"

గంగాచలం రెండో చెక్క సందున గునపం దూర్చాడు. మాణిక్యం చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, తూము గోడ మీంచి దిగి, సరిగ్గా ఆ చెక్క మీదే కూర్చుంది. పాదాలు నీళ్ళలో ఉన్నాయి.

"లే."

"లేవను. పీకితే నన్నూ కలిపి పీకండి. డెబ్భై కిలోలుంటాను."

ఏడుపు ఆపుకోలేక ఆ కోపం ఒళ్ళో ఉన్న పెట్టె మీద చూపించింది.

"ఏమే, నా వంటింట్లో పెరిగావు గదే! ఇన్నాళ్ళూ మొహం తుడిచి పెంచినందుకు ఇదా? ఊరందరికీ ఇచ్చి, మా దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తావా?"

"అయ్యో, చేతులెత్తడమేంటండీ" అంది వాకబు. "తూము మూసి మందు కొట్టండి. మీకు రావలసింది వచ్చేస్తది."

"ఎలా వస్తదే? కొలను నిండుకుందన్నావు!"

"అవునండి. నిండుకుంది గనకే వస్తదంటన్నాను."

"నిండుకుంటే ఎలా ఇస్తావే, నీ బుర్ర!"

"నిండుకోకపోతే ఎలా ఇస్తానండీ?"

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. గంగాచలం చేతిలో గునపం అలాగే ఉండిపోయింది. వంగి, పెట్టె దగ్గరగా మొహం పెట్టి, సొసైటీ రోజుల తరవాత మొదటిసారి రెండో మాట అడిగాడు.

"అమ్మా వాకబూ. కొలనులో మీసాలు ఎన్నున్నాయి? అంకె చెప్పు."

"నలభై ఒక్క లక్షలండి. కిందటి నెల ఇందులో సగం కూడా లేవు. ఎగువన రొయ్య తగ్గిందని తెలిసి మీసానికి గిరాకీ పెరిగిందండి, పైదేశాల వాళ్ళు కూడా వచ్చి కొలనులో చేరి మీసాలు వేశారు. అంచుదాకా ఉంది. మీ చెరువులాంటివి ఇంకో మూడొందలు పోయినా తట్టుకుంటది. పోవనుకోండి, మాటవరసకి."

గంగాచలం గునపాన్ని నేలకేసి పాతి, దాన్ని పట్టుకుని కింద కూలబడ్డాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి, దగ్గు వల్లనే అనుకునేలా తుడుచుకున్నాడు.

"ఆ చెక్క మళ్ళీ బిగించండి ముందు" అంది మాణిక్యం.

"నువ్వు లేస్తే గదే బిగించేది."

చీకటి పడకముందే మందు కొట్టారు. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. రొయ్యలు ఒక్క ఊపున పైకెగిరి పడ్డాయి, చిటపటమని వాన కురిసినట్టు, తరవాత చప్పుడు ఆగిపోయింది. నెలలు సాకిన ప్రాణులు. మాణిక్యం అటు చూడకుండా నిలబడింది. గంగాచలం గట్టు చుట్టూ తిరిగి తూము సందుల్లో బంకమట్టి మెత్తాడు. గుండె బరువుగానే ఉంది, కానీ భయం లేదు. ఇంటికి పోయి రెండుసార్లు అన్నం అడిగి తిన్నాడు.

మర్నాడు సౌదామిని వచ్చేసరికి గంగాచలం వాళ్ళ అరుగు మీద జోగినాథం చిందులేస్తున్నాడు. నిన్న పొద్దున వాడి పెట్టె కూడా అదే మాట చెప్పింది. వాడి చెరువుకి తెగులు లేదు, ఏమీ లేదు. కొలను ఎండిపోయాక తెగులొస్తే దిక్కెవరని బెదిరిపోయి, ఎదగని రొయ్యని ఎదగనట్టే వలేసి పట్టేశాడు.

"వేలెడంత లేదండి మేడంగారూ! లారీవాడు చూసి, ఇవి రొయ్యలా చీమలా అన్నాడండి! నిండుకుందంటే ఎవడైనా ఏమనుకుంటాడండి?"

సౌదామిని మొహం పాలిపోయింది. వంటింట్లోకి పోయి, అలమర ముందు కింద కూర్చుని, వాకబు ఆ వానాకాలంలో నేర్చుకున్నదంతా తను తెచ్చిన ట్యాబు తెర మీద వెనక్కి తిప్పింది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. మళ్ళీ మొదట్నించి చూసింది.

"బాబాయ్‌గారూ, ఇలా రండి" అని పిలిచింది. "పిన్నిగారు నిండుకుందన్న ప్రతిసారీ ఇది డబ్బా తూకం చూసింది. మాట వినబడేది. గంటో రెండు గంటలో గడిచేసరికి డబ్బా నిండిపోయేది. వానైనా అంతే, ముసురైనా అంతే. ఒక్కసారి కూడా తప్పలేదు. దీపం సంగతీ అంతే, కొండెక్కిందన్న మరుక్షణం పిన్నిగారు వెలిగించేసేవారు. దీనికి తెలిసినంతలో నిండుకోవడమంటే నిండడమే, కొండెక్కడమంటే వెలగడమే. ఖాళీగా ఉండిపోయిన డబ్బాని ఇది చూడనే లేదు."

గంగాచలం ఎటు చూడాలో తెలియక గోడ మీది బల్లిని చూశాడు.

మాణిక్యం గొంతు సవరించుకుంది. "మరి ఆయన గొణుగుడంతా ఏమైంది అమ్మాయ్? అది లెక్కలోకి రాలేదా?"

"వచ్చింది పిన్నిగారూ. దానికీ అర్థం వెతికింది. కానీ ఆ గొణుగుడు వెనకాల ఎప్పుడూ ఏమీ జరగలేదు. అందుకని వదిలేసింది."

"ముప్పయ్యేళ్ళ నించి నేను చేస్తున్నదీ అదే" అంది మాణిక్యం.

గుమ్మంలో నిలబడ్డ జోగినాథం పకపకా నవ్వేసి, తన నష్టం గుర్తొచ్చి మళ్ళీ మొహం ముడుచుకున్నాడు. సౌదామిని లేచి నిలబడి, తప్పు ప్రయోగశాలదనీ, వాడి చెరువుకి కొత్త పిల్ల తామే పోయిస్తామనీ చెప్పింది. పోయిన నెలల కష్టం ఎవరూ తెచ్చివ్వలేరు, అది వాడికీ తెలుసు. అయినా తలూపాడు. నిండుకుంది అన్న మాటనే పెట్టెలోంచి మొత్తం తీసేస్తానని సౌదామిని అంటే మాణిక్యం ఒప్పుకోలేదు.

"తీసేస్తే, రేపు నిజంగా అయిపోయిననాడు ఏమంటది? లేదంటదా? నా ఇంట్లో పెరిగిన పిల్ల ఆ మాట అనడానికి వీల్లేదు. ముందు అంకె చెప్పమను. తరవాత దానికి తోచిన మాట అనుకోమను."

సౌదామిని అలాగే దిద్దింది. ఆ వారంలోనే కొలను గంగాచలం వాటా పంపించింది. ఎవడూ ఫోను చేసి పిలవలేదు, గంగాచలం ఎవడి గుమ్మం ముందూ చెప్పులు విడిచి నిలబడలేదు. అతను మాత్రం చెడ్డ అలవాటు ఒకటి పట్టాడు: వాకబుని రోజుకి నాలుగుసార్లు అడగడం. అడిగిందే మళ్ళీ అడగడం. తూము పై చెక్క ఊడిన సంగతి మొగుడూ పెళ్ళాం ఎవరితోనూ అనలేదు.

చెరువు ఎండగట్టిన రోజుల్లో ఒక పొద్దున గంగాచలం బోదె గట్టు వెంట దిగువకి నడిచాడు. ఏరు పోటు మీదుంది. రెండు పక్కలా చెరువుల్లో గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. మేత చల్లేవాళ్ళు పడవల మీంచి కేకలేసుకుంటున్నారు. జోగినాథం తన ఖాళీ చెరువు పక్కన నీళ్ళు తోడే ఇంజను దించుకుని, పైపు బోదెలోకి వేసి, తాడు చుట్టి పట్టుకుని నిలబడ్డాడు.

"బావా! పై నించి వస్తున్నావుగా. ఈ నీళ్ళు పెట్టుకోవచ్చంటావా?"

గంగాచలం గట్టు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, బోదెలోంచి దోసెడు నీళ్ళు తీసుకున్నాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. నాలిక మీద వేసుకుని ఉప్పు చూసి ఉమ్మేశాడు. వెంటనే లేవలేదు.

"ఏంటి బావా, బాలేవా?"

"బాగున్నాయిరా" అన్నాడు గంగాచలం. "పెట్టుకో."

జోగినాథం తాడు లాగాడు. ఇంజను రెండుసార్లు తుమ్మి అందుకుంది.